రచయిత నియమము – ఇంటివారి వంతు

రచన చేయువాడు మిగిలిన మనుష్యులవలె నియమమునకు కట్టుబడ నక్కరలేదని మన సమాజములో ఒక అభిప్రాయము చిరకాలముగా పాతుకొని యున్నది. రైతు ప్రొద్దెక్కు వరకు పండుకొనినచో వానిని సోమరి యందురు. దుకాణదారుడు వేళకు తలుపు తీయనిచో బేరము పోవును. ఉపాధ్యాయుడు గంట కొట్టిన పిమ్మట బడికి వచ్చినచో సంజాయిషీ చెప్పుకొనవలెను. కవి మాత్రము అర్ధరాత్రి దాటు వరకు దీపము వెలిగించి, పగలు పదిగంటలకు లేచి, వేళకు తినక, ఇంటికి వచ్చిన చుట్టమును పలుకరింపక తిరిగినను "ఆయన కవి గదా!" అని నవ్వి ఊరకుందురు. ఆ నవ్వులో కొంత గౌరవమున్నది, కొంత జాలియు నున్నది. కాని ఆ యింటి ఇల్లాలు ఆ నవ్వులో పాలు పంచుకొనదు. ఈ వ్యాసమునకు ఆమె మౌనమే మూలము.

దీనికి ఎదురైన అభిప్రాయము నేడు పుస్తక రూపమునను, ఉపన్యాస రూపమునను విరివిగా వినవచ్చుచున్నది. రచయిత తెల్లవారుజామున నాలుగింటికి లేవవలెను. రోజునకు ఇన్ని పుటలు వ్రాయవలెను. వ్రాయు వేళ తలుపు వేసికొనవలెను. ఎవరు పిలిచినను పలుకరాదు. అట్లు చేసినవాని వ్యక్తిత్వము వికసించును, కీర్తి పెరుగును. ఈ బోధలో మంచి లేదని నేననను. సోమరితనము కంటె క్రమము మేలు. అయినను ఒక చిన్న సందేహము. నాలుగింటికి లేచిన రచయితకు నాలుగుంపావుకు కాఫీ ఇచ్చిన వారెవరు? మూసిన తలుపు కావల ఏడ్చు బిడ్డను ఊరడించిన వారెవరు? మొదటి రచయితకు నియమము లేదు, రెండవవానికి ఉన్నది. కాని ఇద్దరి బరువును మోయు భుజము ఒక్కటియే యైనచో, వారిలో ఎవనిని ఆత్మసంయమనము గలవాడని అనవలెను? ఆత్మసంయమనమనగా తన్ను తాను అదుపులో పెట్టుకొనుట. తన సౌకర్యమునకై ఇంటినంతటిని అదుపులో పెట్టుటకు ఆ పేరు చెల్లదు.

కోనసీమవారికి ఈ సందేహము సులభముగా బోధపడును. గౌతమీ వసిష్ఠల నడుమ నున్న ఈ నేల నీటి క్రమము వలననే అన్నము పెట్టు నేల యైనది. ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలై 1852లో పూర్తియైన ఆనకట్టకు పూర్వమును గోదావరిలో నీటికి కొదువ లేదు. వరదనాడు ఊళ్లను ముంచుచు, వరద తీసిన పిమ్మట కన్నుల యెదుటనే సముద్రము పాలగుచు ఆ నీరు పోవుచుండెడిది. ఆనకట్ట వచ్చిన పిమ్మట నది పెద్దది కాలేదు. నీటికి ఒక వేళయు, ఒక కొలతయు, ఒక దారియు ఏర్పడినవి. ఆ దారి వైనతేయ పాయ వద్ద ఆగిపోక, గన్నవరము దగ్గర 49 ఖానాల అక్విడెక్టు మీదుగా ఏటిని దాటి నగరము దీవికి చేరినది. క్రింద ఏరు, పైన కాలువ. వేసవిలో కాలువలు కట్టివేసి, పూడిక తీసి, గట్లు సరిచేసి, లాకులు బాగుచేసి మరల నీరు వదలుదురు. ప్రతిభ యని మనము చెప్పుకొను దానికిని ఇట్టి గట్లు కావలెనని చెప్పుట తేలిక; చాలమంది చెప్పియు నున్నారు.

కాని కాలువను గూర్చి అంతటితో ఆపినవాడు కాలువ తల వద్ద నిలిచి మాటాడినవాడే. దాళ్వాలో నీరు చాలనపుడు వంతులు పెట్టుదురు. ఎగువ రైతు తన వంతు గడచినను తూము మూయక యుండిన యెడల వాని చేను పచ్చగానే యుండును. గట్టు మీద పోవువాడు ఆ చేనిని చూచి ఎంత శ్రద్ధగల రైతు అని మెచ్చుకొనవచ్చును. ఆ శ్రద్ధ ఎట్టిదో శివారు భూమివానిని అడిగినచో తెలియును. రాత్రి రెండు గంటలకు దీపము పట్టుకొని బోదె వద్ద కూర్చుండి, రాని నీటికై ఎదురుచూచువాడు ఆ పచ్చదనమునకు వెల చెల్లించుచున్నాడు. నీటిని క్రమపరచుట ఒక ఎత్తు. క్రమపరచిన నీటిని పంచుట మరియొక ఎత్తు. రచయిత దినచర్యను గూర్చి బోధించువారు మొదటి దానికి పుటలు పుటలు కేటాయించి, రెండవ దానిని మరచుచున్నారు.

రచయిత ఇంట కాలమే నీరు. మన ప్రాంతమున రచన చేయువారిలో పెక్కుమందికి వేరొక బ్రతుకుతెరువు గలదు. ఒకడు బడిపంతులు, ఒకడు బ్యాంకు గుమాస్తా, ఒకడు కొబ్బరితోట చూచుకొను సన్నకారు రైతు. సాయంకాలము ఆరింటికి ఇల్లు చేరి, స్నానము చేసి, భోజనము ముగించి, ఏడున్నరకు బల్ల ముందు కూర్చుండి పది వరకు వ్రాయును. దానిని సాధన యందురు, సాధనయే. అదే యింట ఆమె అయిదింటికి లేచి వాకిలి ఊడ్చినది. పదింటికి పాలు తోడుపెట్టి, గడియ వేసి, దీపమార్పును. ఆమె దినములోను ఏడున్నర మొదలు పది వరకు అను రెండున్నర గంటలు ఉన్నవి. అవి అంట్ల గిన్నెలకును, పిల్లల పాఠములకును, అత్తగారి మందులకును పోయినవి. అవి తనకు మిగిలినచో ఆమె ఏమి చేసియుండెడిది? చదువుకొనెడిదేమో, పాడుకొనెడిదేమో, ఫోనులో తల్లితో తీరికగా మాటాడెడిదేమో, ఏమియు చేయక వీధి అరుగు మీద గాలికి కూర్చుండెడిదేమో. ఏమియు చేయకుండు హక్కు సైతము ఆమె సొత్తే. ఆ సొత్తు నుండి తీసికొన్న కాలముతో వ్రాసిన పుస్తకపు ముందుమాటలో "ఇది నా నిరంతర సాధనా ఫలము" అని వ్రాసికొనుట ఎంతవరకు న్యాయము?

ఇక్కడ ఒక ఆక్షేపణ రాక మానదు. లోకమున గొప్ప గ్రంథములు పెక్కు ఇల్లు పట్టని వారి చేతనే వ్రాయబడినవి గదా. ఇంటివారి కష్టమును లెక్కించుచు కూర్చుండిన యెడల మహాకావ్యము పుట్టునా అని అడుగుదురు. ఇందులో సగము నిజము. రష్యా దేశపు టాల్‌స్టాయ్ భార్య సోఫియా పదముగ్గురు బిడ్డలను కన్న తల్లి. "యుద్ధము – శాంతి" వ్రాతప్రతిని, భర్త దిద్దినప్పుడెల్ల, తిరిగి తిరిగి శుభ్రముగా వ్రాసి పెట్టినది ఆమెయే. ఆ సంగతి తెలిసినందువలన ఆ నవల గొప్పతనము ఇసుమంతయు తగ్గదు. అట్లే ఆ నవల గొప్పదగుట వలన ఆమెకు పడిన ఋణము ఇసుమంతయు తీరదు. రెండు లెక్కలు వేరువేరు ఖాతాలవి. మరియు మూడు నెలలకు ఒక వ్యాసము, ఆరు నెలలకు ఒక కథ వ్రాయు మనవంటివారు టాల్‌స్టాయ్ పేరు చెప్పి ఇంటి పనుల నుండి మినహాయింపు కోరుట కొంచెము హాస్యాస్పదము గూడ.

మన గోదావరి తీరముననే దీనికి చక్కని ఉదాహరణము కలదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919) వ్రాసి ఊరకుండినవారు కారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. వ్రాసిన మాటకు నిలబడుట రచయిత నియమములన్నింటిలోను కష్టతరమైనది. నాలుగింటికి లేచుట దాని ముందు ఏపాటిది? ఆ వివాహముతో ఊరిలో వెలి ప్రారంభమైనది. వంటవారును, నీరు మోయువారును మానుకొనిరి. అప్పుడు గోదావరి నుండి బిందెతో నీరు తెచ్చి, ఇంట చేరిన వారందరికిని వండి వడ్డించినది రాజ్యలక్ష్మమ్మగారు. ఆ బిందెను తలపక ఆ కలమును మాత్రమే కీర్తించుట సగము చరిత్ర. అయితే ఒక భేదము గమనింపదగినది. రాజ్యలక్ష్మమ్మగారు భర్త వ్రాతకు కాపలా యున్న ఇల్లాలు కారు. ఆ పనియే ఆమెది. ఆశ్రయము లేక వచ్చిన బాలికలకు ఆమె తల్లిగా నిలిచినది. ఒకే కార్యమును ఇద్దరు రెండు వైపుల నుండి ఎత్తినపుడు ఒకరి శ్రమను మరియొకరు హరించిరని అనజాలము. ఆ శ్రమకు ఆమె సమ్మతి యున్నదా, ఆమె పేరు చెప్పబడుచున్నదా అనునవి చూడవలసిన విషయములు.

పండ్రెండవ శతాబ్దమున కళ్యాణ పట్టణమున కూడిన శరణులు ఈ చిక్కును వేరొక విధముగా విప్పిరని నా తలంపు. వచనములు పలికినవారు వచనముల మీద బ్రతుకలేదు. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. మడివాళ మాచయ్య బట్టలు ఉతికెను. నులియ చందయ్య తాళ్లు పేనెను. సొన్నలిగె సిద్ధరామయ్య చెరువులు త్రవ్వించెను. బసవేశ్వరుడు సైతము బిజ్జలుని కొలువున భాండాగారమును చూచినవాడే. వారు కాయకమును ముగించి, ఇతరులకు అప్పగించి, ఏకాంతమునకు పోయి పలుకలేదు. వచనము సాధారణముగా చిన్నదై యుండుటకు ఇదియు నొక కారణమని నా ఊహ: పని నడుమ పలుకదగినంతటి మాట యది. కోనసీమలో కొబ్బరిపీచు చేతపట్టి తాడు పేను స్త్రీలను చూచినవారికి చందయ్య కాయకము దూరపు కథగా తోపదు. పీచు చేతిలో సాగుచుండగనే నోట మాటయు సాగును. ఆ మాటలను ఎవరును వ్రాసి పెట్టుటలేదు. అది వేరొక విచారము, చివర దానికి వత్తును.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము మన పాఠకులకు క్రొత్త కాదు. మారయ్య నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుచుండెను. ఒకనాడు అలవాటునకు మించి తెచ్చెను. లక్కమ్మ దానిని ఒల్లక, ఎక్కువైన గింజలను తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఈ కథను సాధారణముగా ఆశ కూడదనుటకు చెప్పుదురు. నాకు ఇందులో మరియొక సంగతి ముఖ్యముగా కనబడును. కొలత తెలిసినది ఎవరికి? గింజలు ఏరినవానికి కాదు, వండినదానికి. ఆ పూటకు ఎంత చాలునో ఆమె చేతికి తెలియును. రచయిత ఇంటను కొలత తెలిసినవారు ఒకరుందురు. వారిని అడుగు అలవాటే మనకు లేదు. "నేను రోజునకు మూడు గంటలు వ్రాయవలెను" అని నిశ్చయించుకొనునపుడు ఆ మూడు గంటలు ఎవరి సంచిలోనివో ఆమెను అడిగినచో, ఒకటిన్నర చాలునని ఆమె చెప్పవచ్చును. అనుభవము మీద చూచినచో ఒకటిన్నరయే చాలును. మిగిలిన ఒకటిన్నర తరచుగా కిటికీ చూచుటకును, సెల్‌ఫోను చూచుటకును పోవుచున్నది.

కొలత మాటలకును వర్తించును. మూడు వాక్యములతో తీరు సంగతికి ఆరు వాక్యములు వ్రాసినవాడు ఎక్కువ గింజలు తెచ్చినవాడే. వానిని తిరిగి పోసి రావలెను. ద్రాక్షారామమున జన్మించిన మల్లికార్జున పండితారాధ్యుని చరిత్రను వ్రాయబూనినపుడు పాల్కురికి సోమనాథుడు ద్విపదను ఎన్నుకొనెను. సంస్కృతాంధ్ర పాండిత్యమునకు ఆయనకు కొరత లేదు. కఠినముగా వ్రాయుట ఆయనకు సులభమే. నలుగురు పాడుకొనుటకు వీలైన ఛందస్సును, జాను తెనుగును పట్టుటలో వినువాని శ్రమను తాను నెత్తిన వేసికొన్నాడు. అర్థము కాని వాక్యమును అచ్చునకు పంపు రచయిత తన పనిని పాఠకుని చేత చేయించుకొనుచున్నాడు. వంటింటిలో జరుగు అన్యాయమునకును దీనికిని మూలమొకటే: మోయవలసినవాడు మోయక ఇంకొకరి మీదికి దొర్లించుట.

ఇంతవరకు ఎగువ రైతు వంటి రచయితను గూర్చి మాటాడితిమి. శివారున పుట్టిన రచయిత సంగతి ఏమి? రాజోలు ప్రాంతపు మామిడికుదురులో 1911 సెప్టెంబరు 19న జన్మించిన బోయి భీమన్నగారి జీవితము ఈ విచారమునకు రెండవ అంచు. అక్విడెక్టు దాటి వచ్చిన నీరు పచ్చగా చేసిన ఆ దీవిలో, ఆ పచ్చదనమునకు చెమటోడ్చియు దానిలో భాగము లేని దళితుల నడుమ పుట్టి, చదువుకొని, ఉపాధ్యాయులై, పత్రికలలో పనిచేసి, ప్రభుత్వ అనువాద శాఖలో ఉద్యోగించి, ఆ ఉద్యోగముల నడుమనే డెబ్బదికి పైగా గ్రంథములు వ్రాసిరి. 1973లో పద్మశ్రీ, 1975లో "గుడిసెలు కాలిపోతున్నాయ్" అను కావ్యమునకు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము, 2001లో పద్మభూషణ్ ఆయనను వరించినవి. 2005 డిసెంబరులో కన్నుమూసిరి. ఆత్మకథకు ఆయన పెట్టుకొన్న పేరు "పాలేరు నుండి పద్మశ్రీ వరకు".

ఆయన ప్రసిద్ధ నాటకము "పాలేరు"ను ఈ దృష్టితో చదివినచో ఒక సంగతి తెలియును. పాలేరనగా ఎవరు? కూలికి పోవువాడు తన పగటిని మాత్రము అమ్ముకొనును. పాలేరు ఏడాది మొత్తము దొరది. కోడి కూయక ముందు పశువుల కొట్టములో మొదలైన పని రాత్రి దొర పండుకొన్న పిమ్మటనే ముగియును. ఇట్టివానికి "ప్రతిదినము ఒక గంట నీ వికాసమునకు కేటాయింపుము" అని బోధించుట ఎంత క్రూరమైన హాస్యము! గంట కేటాయించుటకు ముందు గంట తనదై యుండవలెను. చదువుకొని పైకి వచ్చిన పాలేరు కథను రంగస్థలము మీదికి తెచ్చుటలో భీమన్నగారు అడిగినది మొట్టమొదట ఆ గంటనే యని నేననుకొందును. క్రమశిక్షణను గూర్చిన మన ఉపన్యాసములు దినము తమదైనవారికి మాత్రమే వర్తించును. దినము తమదైనవారు ఆ దినము తమకెట్లు వచ్చినదో ఒకసారి వెనుదిరిగి చూచుకొనవలెను. తాత పొలము దున్నిన పాలేరు, అమ్మ, అక్క, ఇంటి పనిమనిషి, వీరందరు విడిచిన గంటలే మన బల్ల మీద కూడియున్నవి.

గన్నవరము పేరెత్తిన పిమ్మట డొక్కా సీతమ్మగారిని (1841–1909) తలపకుండుట కోనసీమలో సాధ్యము కాదు. పాత అక్విడెక్టు ప్రక్కన కట్టిన క్రొత్తదానికి ఆమె పేరే పెట్టిరి. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే పెట్టినది. ఎవరని అడుగక, వేళగాని వేళ వచ్చినవారికిని అన్నము పెట్టిన ఇల్లాలు. ఆమెను గూర్చి ఒక కథ చెప్పుకొందురు. చిరకాలపు కోరికగా అంతర్వేది స్వామి దర్శనమునకు బయలుదేరి, దారిలో ఆగినపుడు, ఆకలితో ఏడ్చు పిల్లలను వారి పెద్దలు "సీతమ్మగారి ఇల్లు వచ్చుచున్నది, అన్నము తినవచ్చును" అని ఊరడించుట ఆమె చెవిని బడినదట. వెంటనే యాత్ర మాని, వెనుకకు మరలి, వారు వచ్చునప్పటికి పొయ్యి వెలిగించినదట.

రచయితకు అంతరాయమంత శత్రువు లేదని అందరును చెప్పుదురు. సీతమ్మగారి కథలో యాత్రయే నియమము, ఆకలియే అంతరాయము. ఆమె నియమమును విడిచినది. మన వికాస గ్రంథముల ప్రకారము ఆమెకు ఏకాగ్రత లేదు! నిజమునకు ఆమె నియమము యాత్ర కంటె లోతైనది. యాత్ర దాని మీది అల మాత్రమే. రచయిత నియమమునకు అట్టి లోతు ఉన్నదా, లేక తలుపు గడియ వరకే దాని లోతా యని పరీక్షించునది అంతరాయమే. ప్రతి పిలుపునకును లేచిపొమ్మని నా అర్థము కాదు. ఊరి కబుర్లకు వచ్చినవానిని రేపు రమ్మనవచ్చును. జ్వరముతో మూలుగు బిడ్డను రేపు మూలుగుమనరాదు. రెండింటికిని భేదము తెలియుటకు పెద్ద చదువు అక్కరలేదు. అయినను వ్రాయు వేళ ఆ భేదము మనకు మాయమగుట వింత.

ఇట్లు చెప్పుటలో ఒక ప్రమాదమున్నది. సీతమ్మగారి పటమునకు దండ వేసి, మన ఇళ్లలోని స్త్రీలను "మీరును సీతమ్మ వలె నుండుడు" అని చెప్పి, మనము మరల బల్ల ముందు కూర్చుండవచ్చును. ఇది ఇప్పటికే జరుగుచున్నది. ఆమె ఆ జీవితమును తాను ఎన్నుకొన్నది. ఎన్నుకొనని వారి మీద ఆ పేరు వేయుట దాసోహము కాదు, వెట్టి.

ఆచరణలో చేయవలసినది పెద్దదేమియు కాదు. వ్రాయుటకు గంట కావలెను. ఆ గంట అడిగి తీసికొనవలెను, పట్టుకొనరాదు. అడిగినపుడు కాదనుటకును ఎదుటివారికి వీలుండవలెను. లేనిచో అది అడుగుట కాదు, తెలియజేయుట. తీసికొన్న గంటకు బదులు ఒక గంట ఇవ్వవలెను, అదియు ఆమెకు కావలసిన వేళ, మనకు వీలైన వేళ కాదు. ఆదివారము మధ్యాహ్నము కూరలు తరిగి పెట్టి సంవత్సరపు ఋణము తీర్చితినని భావించువారిని నేనెరుగుదును. ఇంటిలో మరియొకరు వ్రాయువారో, చదువువారో, కుట్టుపని నేర్చుకొనువారో ఉన్నచో వారికిని ఒక బల్ల, ఒక తలుపు ఉండవలెను. చిన్న ఇళ్లలో రెండు తలుపులు సాధ్యము కావు. అప్పుడు ఒకే తలుపును వంతులు వేసికొనవలెను. కాలువ శాఖవారు చేయగలిగినది ఒక కుటుంబము చేయలేదా?

కోపము వచ్చినపుడు కలమును ఆపుట కూడ ఈ నియమములోనిదే. మన అమలాపురమున 2022 మే 24న జరిగినది కోనసీమవారెవరును మరువజాలరు. క్రొత్త జిల్లాకు అంబేడ్కర్ మహాశయుని పేరు చేర్చు ప్రతిపాదన మీద చెలరేగిన అల్లరిలో ఒక మంత్రి ఇల్లును, ఒక శాసనసభ్యుని ఇల్లును తగులబడినవి. కొన్ని దినములు అంతర్జాల సేవలు ఆపివేయవలసి వచ్చినది. అటు తరువాత జిల్లాకు ఆ పేరు స్థిరపడినది. అట్టి దినములలో చేతిలో ఫోను ఉన్న ప్రతివాడును రచయితయే. వ్రాసిన క్షణముననే అచ్చు, అచ్చయిన క్షణముననే వేయిమంది పాఠకులు. కాగితము మీద వ్రాసి, తెల్లవారి చదివి, సిగ్గుపడి చించివేయు కాలము నడుమ లేదు. వేడి మాట వ్రాసినవాడు చల్లగా ఇంటిలో కూర్చుండును. దాని వెలను చెల్లించువాడు కాలిన వీధిలో బండి పెట్టుకొన్నవాడు, కేసులో ఇరుక్కొన్న కుర్రవాడు, వాని కొరకు స్టేషను గుమ్మమున నిలిచిన తల్లి. ఇక్కడ సైతము శివారువారే. గుడిసెలు కాలుటను గూర్చి వ్రాసిన కవి పుట్టిన సీమలో ఇండ్లు కాలుట చూచితిమి. నిజము చెప్పుటకు జంకవలెనని నేననుట లేదు. పేరు మార్పును సమర్థించుటయు, ఆక్షేపించుటయు పౌరుల హక్కు. ఒక రాత్రి తన దగ్గర నిలుపుకొన్న పిమ్మటను నిలుచు మాటయే చెప్పవలెనని మాత్రము నా మనవి.

ఇక మఠములకు ఒక విన్నపము. పేను తాటి వెంట సాగు మాటలను ఎవరును వ్రాసి పెట్టుట లేదని పైన అంటిని. వారు వ్రాయలేక కాదు. నేటి పీచు పనివారిలో పదవ తరగతి చదివినవారున్నారు, చదువు నడుమ మానిన కోడళ్లున్నారు. వారికి లేనిది గంట. మఠములలో దాసోహపు పొయ్యి ఎట్లును వెలుగుచునే యుండును. వారమునకు రెండు సాయంకాలములు ఒక గది, ఒక దీపము, నాలుగు బల్లలు, కొంత తెల్లకాగితము ఏర్పాటు చేసినచో అట్టివారు వచ్చి వ్రాసికొందురు. ఆ రాత్రి వారు ఇంటికి పోయి వండనక్కరలేకుండ ప్రసాదము వారికిని, వారి ఇంటివారికిని అక్కడనే. వ్రాసినది అచ్చగునా కాదా అను చింత తరువాత. పిల్లలను ఎవరు చూతురని వెంటనే ప్రశ్న వచ్చును. ఆ రెండు సాయంకాలములు వ్రాయు అలవాటున్న మగవారము మా బల్లలు విడిచి వచ్చి, ప్రక్క వసారాలో చాపలు పరచి, పిల్లలకు ఎక్కములు చెప్పుచు, నిద్ర వచ్చినవారిని ఒడిలో పండుకొనబెట్టుకొని కూర్చుండగలము. ఏ మఠమువారు మొదట పూనుకొందురో తెలిపినచో చాపలు తెచ్చు పని నాది.